ఆయిల్ పామ్‌లో ముసుగు కాయలు: జన్యు ముద్రలను గురించిన పాఠము



వరి వేసిన రైతు విత్తనములో మోసపోయినచో ఒక పంట నష్టపోవును. ఆయిల్ పామ్ వేసిన రైతు సంగతి అట్లు కాదు. తొమ్మిది మీటర్ల ఎడముతో ఎకరమునకు 57 మొక్కలు నాటి, మూడు నాలుగేండ్లు గెలల కొరకు ఎదురుచూచి, ఆపైన పాతిక ముప్పది యేండ్లు అదే తోటపై ఆధారపడవలెను. నాటినది ఎట్టి మొక్కయో మొదటి పూత వరకు తెలియకపోయినచో ఏమగునో మలేషియా తోటలలో ఒకసారి జరిగి చూపినది. ఆ కథలో మొక్కల జీవములోని ఒక వింత సంగతి కూడ ఉన్నది.

అరటికి పిలక ఉన్నది, మామిడికి అంటు కట్టుదుము. ఆయిల్ పామ్‌కు ఉన్నది ఒకే మొవ్వు. పిలక వేయదు, అంటు పట్టదు, మొవ్వు పోయినచో చెట్టే పోవును. తోటలో ఒక చెట్టు అన్నిటికంటె బాగుగ కాయుచున్నను, అచ్చముగ దానివంటి చెట్టును మరియొకటి చేసికొనుటకు మనకు దారి లేదు. మనము నాటు టెనెరా మొక్కలు డ్యూరా తల్లికి, పిసిఫెరా తండ్రికి పుట్టిన విత్తనపు మొక్కలు. ఒక తల్లి బిడ్డలు ఒకే పోలిక కానట్లు, అవియు ఒకే తీరున కాయవు.

ఈ చిక్కు తీర్చుటకే 1970ల నాటి శాస్త్రజ్ఞులు టిష్యూ కల్చర్ పద్ధతిని పట్టుకొనిరి. మేలైన చెట్టు నుండి లేత ఆకు ముక్కనో, వేరు ముక్కనో తెచ్చి, గాజు పాత్రలో పోషక పదార్థముపై ఉంచి పెంచుదురు. కలుపు మందుగ మీరెరిగిన 2,4-డి ఇక్కడ బహు కొద్ది మోతాదులో హార్మోను వలె పనిచేసి, ఆ ముక్కను ముద్దగ పెరుగనిచ్చును. ఆ ముద్ద నుండి మొలకలు, మొలకల నుండి మొక్కలు వచ్చును. అన్నియు ఆ ఒక్క చెట్టు నుండి వచ్చినవే కనుక అన్నియు దానివలెనే కాయవలెను. నర్సరీలో అవి నవనవలాడినవి. నాటిన తరువాత కూడ ఆకు, కాండము దివ్యముగ ఉన్నవి.

పూత వచ్చిన తరువాత గాని గుట్టు బయటపడలేదు. 1986లో ఈ లోపమును శాస్త్రజ్ఞులు వివరముగ ప్రకటించిరి. ఆయిల్ పామ్ ఆడ పువ్వులో అండాశయము చుట్టు ఆరు చిన్న మొలకలు ఉండును. అవి ఎదుగక ఆగిపోయిన మగ కేసరములు. మామూలు చెట్టులో వాటిని ఎవరును గమనింపరు. లోపమున్న చెట్టులో అవి ఆడ భాగములుగ మారి, కండ పట్టి, అసలు కాయను చుట్టుకొని పైకి లేచును. కాయకు ముసుగు వేసినట్లుండును. లోపము కొద్దిగ ఉన్నచో కాయ నిలిచి కొంత నూనె వచ్చును. ఎక్కువైనచో కాయలు పండకనే రాలిపోవును, గెల మురిగిపోవును. మగ పూతలో సహితము కేసరములు ఇట్లే మారుటచే పుప్పొడి ఉండదు.

ఇందులో పెద్ద ఆశ్చర్యము ఒకటి కలదు. ఒకే తల్లి ముక్క నుండి వచ్చి, ఒకే వరుసలో నిలిచిన రెండు చెట్లలో ఒకటి చక్కగ కాయును, రెండవది ముసుగు కాయలు వేయును. ఒకే గెలలో కొన్ని కాయలు మంచివి, కొన్ని చెడ్డవిగ ఉండుట కూడ కలదు. మరికొన్ని చెట్లు ఏండ్లు గడచిన కొలది వాటంతటవే బాగుపడినవి. శాస్త్రజ్ఞులు రెండు రకముల చెట్ల డి.ఎన్.ఎ. అక్షరములను పోల్చి చూచిరి. తేడా దొరకలేదు. అక్షరము మారినచో అది మరల తనంతట తాను సరియగుట అరుదు. కావున లోపము అక్షరములలో లేదని, మరెక్కడనో ఉన్నదని తేలినది.

ఎక్కడ ఉన్నది? వెనుకటి కరణముగారి దస్త్రమును తలచుకొనుడు. మీ వరి మొక్క వేరులోను, ఆకులోను, గింజలోను ఉన్న దస్త్రము ఒక్కటే. అయినను వేరు వేరుగను, గింజ గింజగను ఉండుటకు కారణము, ఏ భాగములో ఏ పుటలు తెరిచి ఉండవలెనో, ఏవి మూసి ఉండవలెనో నిర్ణయించు ముద్రలు ఉండుట. అందు ముఖ్యమైనది మిథైల్ ముద్ర. ఇది డి.ఎన్.ఎ. అక్షరములు నాల్గింటిలో సైటోసిన్ అను దానిపై అంటుకొను చిన్న రసాయన గుర్తు. ఇది ఉన్నందున అక్షరము మారదు. ఆ భాగమును చదువు తీరు మాత్రము మారును. ఈ ముద్రల శాస్త్రమునే ఎపిజెనెటిక్స్ అందురు. కణము రెండుగ చీలునప్పుడెల్ల అక్షరములతోబాటు ముద్రలను కూడ క్రొత్త నకలుపై మరల వేయవలెను. గాజు పాత్రలో నెలల తరబడి కణములు చీలుచున్నప్పుడు ఆ ముద్ర కొన్నిచోట్ల జారిపోవును.

ఏ ముద్ర జారినదో 2015లో మలేషియా పామాయిల్ బోర్డు శాస్త్రజ్ఞులు అమెరికా సహచరులతో కలిసి కనుగొని, నేచర్ పత్రికలో ప్రకటించిరి. పువ్వులో కేసరములను కేసరములుగ ఉంచు జన్యువు ఒకటి ఉన్నది. దాని పేరు డెఫిషియెన్స్. ఆ జన్యువు నడుమ ఎన్నడో వచ్చి చొరబడిన అన్యపు కాగితము ఒకటి కూర్చున్నది. దానిపై మిథైల్ ముద్ర గట్టిగ ఉన్నంతవరకు నకలు వ్రాయువాడు దానిని దాటిపోయి, జన్యువు సందేశమును చివరివరకు వ్రాయును. ముద్ర జారినచో అతడు అన్యపు కాగితములోనికి పోయి అక్కడనే ఆగును. సందేశము సగములో తెగును. కేసరము కేసరముగ ఉండుట మరచును.

ఆ అన్యపు కాగితము పేరు కర్మ. అది మన మాటయే. జపాను శాస్త్రజ్ఞులు వరిలో కనుగొని 2003లో ప్రకటించిన ఇట్టి దానికి ఆ పేరు ఉండెను. ఆయిల్ పామ్‌లోనిది దానికి బంధువు. ముద్ర ఉన్నదానిని మంచి కర్మ అనియు, లేనిదానిని చెడు కర్మ అనియు మలేషియా వారు పిలిచిరి. పేరు బాగున్నది గాని, రైతు దీనిని తన కర్మ అనుకొని ఊరకుండవలసిన పని లేదు. ఇది గాజు పాత్రలో జరిగిన పొరపాటు. పొటాషు తక్కువైనందున గాని, తడి తప్పినందున గాని వచ్చినది కాదు. ఎరువు వేసి, మందు చల్లి జారిన ముద్రను తిరిగి వేయు ఉపాయమును లేదు. అట్టి మందు ఉన్నదని ఎవరైన చెప్పినచో డబ్బు ఇవ్వకుడు.

మన ఆంధ్ర, తెలంగాణ తోటలలో ఉన్నవి దాదాపు అన్నియు విత్తనపు మొక్కలు. కావున ఉన్న తోటను చూచి బెదరనక్కరలేదు. నీటి ఎద్దడికి మగ గెలలు పెరుగుట, పుప్పొడి చాలక కాయలు పప్పు లేక చిన్నవగుట వేరు సంగతులు. వాటిలో కాయ చుట్టు కండగల రెక్కలు లేవవు. టిష్యూ కల్చర్ మొక్కలు కొనవలసి వచ్చిన రైతు మాత్రము జాగ్రత్త పడవలెను. "తల్లి చెట్టుతో డి.ఎన్.ఎ. సరిపోయినది" అను కాగితము చూపి అమ్మువాడు అబద్ధము చెప్పుట లేదు. అయితే ఆ కాగితము అక్షరములనే పోల్చినది, ముద్రను చూడలేదు. చెడిన చెట్టు కూడ ఆ పరీక్షలో నెగ్గును. 2015 నాటి పరిశోధన తరువాత, లేత మొక్క ఆకు ముక్కనుండియే కర్మ ముద్ర ఉన్నదో లేదో తెలిసికొనుట సాధ్యమైనది. ఆ పరీక్ష జరిగినదా, ఏ బ్యాచిపై జరిగినది అని వ్రాతపూర్వకముగ అడుగుడు. జవాబు లేనిచో ఆ మొక్కలతో తోట అంతయు నింపవద్దని నా మాట.

లేత తోటలో మొదటి పూతలను తీసివేయుట మీకలవాటు. టిష్యూ కల్చర్ మొక్కలైనచో ప్రతి చెట్టుకు ఒక ఆడ పూతను తీయక కాయ కట్టనిచ్చి, నాలుగు కాయలు కోసి చూడుడు. ముసుగు కనబడిన చెట్టుకు రంగు గుర్తు పెట్టి, వరుస సంఖ్య వ్రాసికొని, కాయలను మీ ఉద్యాన అధికారికి గాని, పెదవేగిలోని ఆయిల్ పామ్ పరిశోధన సంస్థకు గాని చూపుడు. లోపము కొద్దిదైనచో వెంటనే నరుకకుడు, కోలుకొను చెట్లు కలవు. మొక్కలు కొన్న బిల్లును, బ్యాచి సంఖ్య వ్రాసిన చీటిని కనీసము మొదటి నాలుగేండ్లు పట్టాదారు పుస్తకముతోబాటే దాచి ఉంచుడు.