ఒళ్లు వంగకపోయినా యోగా మొదలుపెట్టొచ్చు!

"కాలివేళ్లే అందట్లేదు, యోగా నావల్ల కాదు" అని రెండో రోజే మానేశారా? ఒక్క నిమిషం ఆగండి.

పతంజలి యోగసూత్రాల్లో ఆసనం ఎలా ఉండాలో చెప్పే సూత్రాలు మూడే. అక్కడ ఆయన చూసేది ఒళ్లు ఎంత వంగిందని కాదు, స్థిరంగా, సుఖంగా ఉన్నామా అని. పైగా అష్టాంగాల్లో ఆసనం మూడోది. యమ నియమాలు దానికంటే ముందు. యమాల్లో మొట్టమొదటిది అహింస. మన ఒంటిని మనం హింసించకపోవడం కూడా అహింసే కదా!

అందుకే రేపు ఉదయం ఇంతే చేయండి. ఖాళీ కడుపుతో, మడిచిన దుప్పటి మీద సుఖాసనంలో కూర్చోండి. మోకాళ్లు నొప్పిగా ఉంటే కుర్చీ అయినా పర్లేదు. వెన్ను నిటారుగా పెట్టి, 5 నిమిషాలు ముక్కుతో మెల్లగా గాలి పీల్చి వదలండి. తర్వాత లేచి తాడాసనం.

ఏ ఆసనంలోనైనా ఊపిరి బిగబట్టాల్సి వస్తోందంటే కాస్త వెనక్కి రండి. బీపీ, నడుంనొప్పి లాంటివి ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి.

పక్కవాళ్ల మ్యాట్ వైపు చూడొద్దు. మీ శ్వాసను చూసుకోండి. అక్కడే యోగా మొదలవుతుంది. శుభం!