యాప్‌లకు ఇచ్చు నక్షత్రములు - వాడువారి అభిప్రాయములు

సెల్‌ఫోనులలో మనము వాడు యాప్‌లు గూగుల్ ప్లే, ఆపిల్ సంస్థవారి యాప్ స్టోర్ అను అంగళ్ల నుండి లభించుచున్నవి. ఆ అంగళ్లలో ప్రతి యాప్ పేరు చెంతను ఐదు నక్షత్రములకు గాను ఎన్ని వచ్చినవో తెలుపు సంఖ్య యొకటి కానవచ్చును. దీనినే రేటింగు అందురు. వాడినవారు తమకు తోచినన్ని నక్షత్రములను ఇచ్చి, ఇష్టమైనచో నాలుగు మాటలు వ్రాయవచ్చును. ఆ వ్రాతకు రివ్యూ అని పేరు. మన విద్యార్థులలో ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొనుచున్నవారు కలరు. తల్లిదండ్రులలో పెక్కుమంది యాప్‌లు వాడువారే. కావున ఈ నక్షత్రముల వలన నిర్మాతకు ఏమి తెలియును, ఏమి తెలియదు, తెలియనిదానిని అతడెట్లు రాబట్టుకొనవలెను అను విషయమును ఉభయులకును పనికివచ్చునట్లు వివరించెదను.

మొదట ఒక చిన్న లెక్క. ఒక యాప్‌నకు 100 మంది నక్షత్రములు ఇచ్చిరనుకొనుడు. 60 మంది ఐదేసి, 40 మంది ఒక్కొక్కటి ఇచ్చినచో మొత్తము 340, సగటు 3.4. మరియొక యాప్‌నకు 60 మంది మూడేసి, 40 మంది నాలుగేసి ఇచ్చిరి. ఇచ్చటను మొత్తము 340, సగటు 3.4. సంఖ్య యొక్కటే గాని స్థితి యొక్కటి కాదు. రెండవ యాప్ అందరికిని ఒక మోస్తరుగా నున్నది. మొదటిది కొందరికి దివ్యముగా పనిచేయుచు, మరికొందరికి బొత్తిగా పనిచేయకున్నది. ఆ 40 మందియు ఒకే రకపు ఫోనును వాడుచుండవచ్చును. లేదా ఒకే భాషలో టైపు చేయుచుండవచ్చును. కావున తెలివిగల నిర్మాత సగటును చూచి సంతోషింపడు, దుఃఖింపడు. ఎన్ని నక్షత్రములను ఎందరిచ్చిరో ఆ పట్టికను చూచును. ఆ పట్టికను దేశమును బట్టి, ఫోను రకమును బట్టి, యాప్ వెర్షనును బట్టి విడదీసి చూచుకొను సదుపాయమును గూగుల్ సంస్థ నిర్మాతలకు కల్పించినది.

2019 ఆగస్టు నుండి గూగుల్ ప్లేలో పాత రేటింగులకంటె ఇటీవలి రేటింగులకు ఎక్కువ విలువ కట్టుచున్నారు. 2021 నవంబరు నుండి ఫోనులలో ఏ దేశమువారికి ఆ దేశపు రేటింగునే చూపుట ఆరంభించిరి. పూర్వపు కీర్తి చాలకాలము కాపాడదన్నమాట.

నక్షత్రములు యాప్ గుణమును కాక జనుల కోపమును మాత్రమే తెలిపిన సందర్భములు గలవు. 2017 ఏప్రిల్‌లో స్నాప్‌చాట్ అను సంస్థయొక్క అధిపతి భారతదేశమును చులకనగా మాటలాడెనని ఒక మాజీ ఉద్యోగి ఆరోపించినట్లు వార్తలు వెలువడెను. సంస్థ ఆ ఆరోపణను త్రోసిపుచ్చినది. అయినను మన దేశమున అనేకులు ఆగ్రహించి ఒక్కొక్క నక్షత్రము ఇయ్యసాగిరి. విచిత్రమేమనగా, వారిలో కొందరు పేరు పోలికచే భ్రమించి, స్నాప్‌డీల్ అను భారతీయ వర్తక సంస్థయొక్క యాప్‌నకు ఆ శిక్ష విధించిరి! అంతకు పూర్వము 2015 నవంబరులోను, తన ప్రకటనలలో నటించిన ఒక సినిమా నటుని మాటలకు కోపించినవారి వలన స్నాప్‌డీల్‌నకు ఇట్టి దెబ్బయే తగిలియుండెను. ఆ సంస్థలో పనిచేయు ప్రోగ్రామరు ఆ నక్షత్రములను చూచి తన యాప్‌లో ఏమి సరిదిద్దగలడు? ఏమియు లేదు. అట్టి ఉప్పెన వచ్చినపుడు యాప్‌ను మార్చబూనుట కంటె, సంభవించినదేమో తెలిసికొని ఓపికతో నుండుట మేలు.

ఇక అభిప్రాయమును అడుగు తీరు. బియ్యపు బస్తా దింపకముందే కూలి ఎట్లున్నదని అడుగువాడు లోకమున ఉండడు; కాని యాప్‌ను తెరచిన మరునిమిషముననే నక్షత్రములిమ్మని అడుగు నిర్మాతలు కలరు. వాడువాడు ఒక పనిని పూర్తిచేసి, కొంత తెరపి దొరికినపుడు అడుగవలెను. పరీక్షాభ్యాసపు యాప్ అయినచో ప్రశ్న నడుమ కాదు, ఫలితము చూచిన పిమ్మట. ఆపిల్ సంస్థ ఏర్పాటుచేసిన పద్ధతిలో ఒక వ్యక్తిని 365 దినములలో మూడు మారులకంటె ఎక్కువ అడుగుటకు వీలులేదు. "ఈ యాప్ మీకు నచ్చినదా?" అని ముందడిగి, ఔనన్నవారిని అంగడికిని, కాదన్నవారిని చాటుగా వేరొక పెట్టెకును పంపు ఉపాయమొకటి ఉన్నది. రేటింగు కోరుటకు ముందు ఇట్టి ప్రశ్న వేయరాదని గూగుల్ నియమములు చెప్పుచున్నవి. నియమము లేకపోయినను అది మోసమే యని నా యభిప్రాయము. డబ్బిచ్చి పొగడ్తలు వ్రాయించుకొనుట సంగతి చెప్పనక్కరలేదు. మన దేశమున ఆన్‌లైను సమీక్షల విషయమై 2022 నవంబరులో ఐఎస్ 19000:2022 అను ప్రమాణమే వెలువడినది.

నిర్మాతకు నిజముగా పనికివచ్చు అభిప్రాయము ఎట్టిది? దీనికి మన తెలుగు లిపియే ఒక గొప్ప దృష్టాంతము నిచ్చినది. 2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరమొకటి ప్రపంచమంతటను వార్తలకెక్కెను. జకారము, పొల్లు, ఞకారము, దానిపిమ్మట కంటికి కానరాని విడదీయు సంకేతమొకటి, తుదను దీర్ఘము - ఈ వరుసలో "జ్ఞా" అను అక్షరమును కూర్చినచో, దానిని తెరపై చూపబోయిన ఐఫోను యాప్ తటాలున మూతపడెడిది. వాట్సాప్ వంటి ప్రసిద్ధమైన యాప్‌లకును ఈ గతి తప్పలేదు. (జ్ఞానమునకు మూలాక్షరమే ఫోనును మూగపరచుట చూచి నవ్వుకొననివారు లేరు.) దోషము ఆయా యాప్‌లది కాదు, ఐఓఎస్ 11.2.5 అను మూల వ్యవస్థది. విషయము తెలియనివాడు విసుగుతో వాట్సాప్‌నకు ఒక నక్షత్రము ఇచ్చియుండిన ఎవరికేమి ప్రయోజనము? "ఈ అక్షరములు ఈ వరుసలో వచ్చినపుడు, ఈ వెర్షనుగల ఫోనులో ఇట్లు జరుగుచున్నది" అని వ్రాసినదానిని మాత్రము ఎవ్వరైనను తమ ఫోనులో చేసి చూచి నిజము తేల్చుకొనవచ్చును. తేల్చుకొన్న దోషమును దిద్దుట సులభము. 2018 ఫిబ్రవరి 19న వెలువడిన ఐఓఎస్ 11.2.6లో ఆపిల్ ఆ దోషమును తొలగించినది.

కాబట్టి నిర్మాత "మా యాప్ ఎట్లున్నది?" అని కాక, "ఏమి చేయబోతిరి? ఏమి జరిగినది? ఏ ఫోనులో?" అని అడుగవలెను. జవాబుపత్రముమీద 35 అని వేసినంతమాత్రమున విద్యార్థికి తప్పు తెలియదు గదా. ప్రక్కను ఎఱ్ఱసిరాతో వ్రాసిన మాట వలన తెలియును.

ఈ ప్రశ్న ఏ భాషలో అడుగవలెను? మనవంటివారికి ఇది ముఖ్యము. హొసూరు, బళ్లారి, బరంపురము, యానాము - మనము అనేక ప్రాంతములందు చెదరియున్నాము. రాష్ట్రమును బట్టి భాషను నిశ్చయించు యాప్, హొసూరు బాలునకు తమిళమును, బళ్లారి బాలునకు కన్నడమును చూపును. ఆ బాలురు ఇచ్చు ఒక్క నక్షత్రము భారతదేశపు రాశిలో పడి కలిసిపోవును. దాని కారణము మాత్రము పైకి రాదు. అభిప్రాయమును ఆంగ్లముననే వ్రాయుమనినచో, ఆంగ్లము రాని తల్లి నక్షత్రమైనను ఇయ్యక, యాప్‌ను తీసివేసి ఊరకుండును. ఆమె మౌనము ఏ పట్టికలోను ఎక్కదు. ఆంగ్లము వచ్చినవారి ఫిర్యాదులే అందరి ఫిర్యాదులని నిర్మాత భ్రమించును. తెలుగులో అడిగి, తెలుగులో జవాబు వ్రాయనిచ్చుటయు, ఫోను భాషను రాష్ట్రమును చూచి కాక వాడువారినే అడిగి తెలిసికొనుటయు దీనికి చికిత్స. తల్లిదండ్రులు సంకోచింపక ఇంట మాటలాడు తెలుగులోనే వ్రాయవచ్చును. నిర్మాతకు కావలసినది వివరము గాని వ్యాకరణము కాదు.

తుదకు ప్రత్యుత్తరము. ఆపిల్ అంగడిలో రివ్యూలకు బదులు వ్రాయు అవకాశము 2017 మార్చి నుండి ఉన్నది; గూగుల్ ప్లేలో అంతకు పూర్వమే కలదు. గూగుల్ ప్లేలో బదులు 350 అక్షరములకు మించరాదు. ఆ కొలతలో క్షమాపణ ఒక మాట, ప్రశ్న ఒకటి చాలును. అందరికిని ఒకే వాక్యమును అంటించుట వినయము కాదు, నిర్లక్ష్యము. దోషమును సరిచేసిన పిమ్మట, ఏ వెర్షనులో సరియైనదో అదే చోట మరల తెలుపవలెను. వ్రాసినవారు తమ నక్షత్రములను మార్చుకొనుటకు వీలున్నది.

అభ్యాసము: మీరొక తెలుగు నిఘంటువు యాప్‌ను నిర్మించితిరనుకొనుడు. మూడు రివ్యూలు వచ్చినవి. ఒక నక్షత్రముతో: "చెత్త యాప్." ఐదు నక్షత్రములతో: "చాలా బాగుంది." రెండు నక్షత్రములతో: "నిన్న అప్‌డేట్ చేశాక క్ష తో మొదలయ్యే మాట వెతికితే స్క్రీన్ తెల్లగా అయిపోతోంది. క తో వెతికితే వస్తోంది. మా అమ్మ ఫోన్లోనూ ఇంతే." వీనిలో దేనికి మొదట బదులు వ్రాయుదురు? మూడవదానిని వ్రాసినవారిని ఇంకను ఏమి అడుగవలసియున్నది? 350 అక్షరములకు మించకుండ బదులు వ్రాసి మీ తరగతిలో చదివి వినిపింపుడు.