నాలుగు తీగలు, కొన్ని అంకెలు: ట్యాబ్ చూసి బేస్ గిటార్ నేర్చుకోవడం

సంగీతం నేర్చుకోవాలంటే గురువు ఉండాలి, ఫీజు కట్టాలి, ఇంట్లో ఎవరికైనా ఆ విద్య వచ్చి ఉండాలి అని మనలో చాలామంది అనుకుంటాం. ఈ మూడూ లేనివారికి కూడా ఒక దారి ఉంది. దాని పేరు టాబ్లేచర్. వాడుకలో ట్యాబ్ అంటారు. రాక్ పాటల్లోని బేస్ గిటార్ భాగాన్ని ట్యాబ్ చూసి ఎలా నేర్చుకోవచ్చో తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అర్థమయ్యేలా ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

బేస్ చేసే పని

పాట వింటున్నప్పుడు మన చెవి ముందుగా పాడేవారి గొంతును పట్టుకుంటుంది. ఆ గొంతును కింద నుంచి మోసేది బేస్. మన ఖానాపూర్ చుట్టుపక్కల గోండు గూడేలలో దీపావళి రోజుల్లో దండారి ఆడేటప్పుడు గుస్సాడీల అడుగులను ఒక్కటిగా నడిపించేది డప్పు, తుడుం మోత. రాక్ బృందంలో డ్రమ్స్‌తో కలిసి ఆ పని చేసేది బేస్. అయితే ఇది తాళంతో పాటు స్వరాన్ని కూడా ఇస్తుంది. ఇళయరాజా సంగీతం చేసిన 'గీతాంజలి' (1989) పాటలను గొంతు వదిలేసి అడుగున నడిచే శబ్దం మీదే దృష్టి పెట్టి వినండి, తేడా తెలుస్తుంది.

పూర్వం ఈ పనికి మనిషంత ఎత్తుండే డబుల్ బేస్ వాడేవారు. దానికి మెట్లు ఉండవు. వేలు ఎక్కడ పెట్టాలో చెవే చెప్పాలి. అమెరికాలో లియో ఫెండర్ 1951లో మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్‌ను మార్కెట్లోకి తెచ్చి దానికి 'ప్రెసిషన్' అని పేరు పెట్టాడు. అంటే కచ్చితత్వం. మెట్టు వెనక వేలు నొక్కితే స్వరం కచ్చితంగా పలుకుతుందని భావం. మెట్లు మనకు కొత్త కాదు. సరస్వతీ వీణకు 24 మెట్లు. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య వాయించే కిన్నెరకు 12 మెట్లు.

తీగలు, మెట్లు

బేస్‌కు సాధారణంగా నాలుగు తీగలు. లావు నుంచి సన్నం వరకు వాటి పేర్లు ఇ, ఏ, డి, జి. వీటి కంపనాలు సెకనుకు సుమారు 41, 55, 73, 98. ఒక్కో మెట్టు దాటితే శ్రుతి అర స్వరం పెరుగుతుంది. 12వ మెట్టు తీగకు సరిగ్గా సగంలో ఉంటుంది. అక్కడ అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. ఒక తీగ 5వ మెట్టు మీద పలికే స్వరం, దాని పక్క సన్న తీగను నొక్కకుండా మీటితే వచ్చే స్వరం ఒకటే. శ్రుతి సరిచూసుకోవడానికి ఈ ఒక్క సూత్రం చాలు.

బేస్ కొనే స్తోమత అందరికీ ఉండదు. అందుకు బెంగ పడనక్కరలేదు. మామూలు ఆరు తీగల గిటారులో లావుగా ఉండే నాలుగు తీగలు కూడా ఇ, ఏ, డి, జి లే. స్థాయి ఒకటి ఎక్కువ, అంతే. కాబట్టి హాస్టల్లో ఒక్క పాత గిటారు ఉన్నా పదిమంది వంతులవారీగా సాధన చేయవచ్చు.

ట్యాబ్ చదివే పద్ధతి

నాలుగు గీతలు నాలుగు తీగలు. కింది గీత అన్నిటికంటే లావు తీగ. గీత మీది అంకె మెట్టు సంఖ్య. 0 అంటే ఏ మెట్టూ నొక్కకుండా మీటడం. ఎడమ నుంచి కుడికి చదవాలి. ఉదాహరణకు మేము రాసిన ఈ చిన్న పాఠం చూడండి:

జి |-----------------|
డి |-----------------|
ఏ |---------3-3-2-0-|
ఇ |-3-3-3-3---------|

అంటే లావు తీగ 3వ మెట్టు మీద నాలుగుసార్లు, తర్వాత ఏ తీగ 3వ మెట్టు మీద రెండుసార్లు, 2వ మెట్టు మీద ఒకసారి, చివర ఖాళీ తీగ ఒకసారి. మొత్తం ఎనిమిది దెబ్బలు. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు మార్చి మార్చి మీటాలి. మళ్ళీ మొదటికి వస్తే చక్రంలా తిరుగుతుంది.

ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. ల్యూట్ అనే తీగ వాయిద్యం కోసం 1507లోనే వెనిస్ నగరంలో పెత్రూచీ టాబ్లేచర్ పుస్తకం అచ్చువేశాడు.

ట్యాబ్ చెప్పనిది

వేలు ఎక్కడ పెట్టాలో ట్యాబ్ చెబుతుంది. ఎంతసేపు ఉంచాలో చాలా ట్యాబ్‌లు చెప్పవు. ఆ లోటును చెవి, తాళం పూరించాలి. పింక్ ఫ్లాయిడ్ బృందం 1973లో విడుదల చేసిన 'మనీ' పాట ఎక్కువ భాగం ఏడు లెక్కల్లో నడుస్తుంది. నాలుగు లెక్కలకు అలవాటైన చేయి అక్కడ తడబడుతుంది. మన మిశ్రచాపు కూడా ఏడే కదా! 'తకిట తకధిమి' అని చేత్తో వేసుకుంటూ వింటే ఏడు లెక్కలకు చెవి అలవాటు పడుతుంది.

మొదటిసారి వాయించేవారికి యూ2 బృందం పాట 'విత్ ఆర్ వితౌట్ యూ' (1987) అనువైనది. నాలుగు స్వరాల బేస్ వరసే పాటంతా తిరుగుతుంది. సాధన ఈ క్రమంలో చేస్తే మంచిది. ముందు బేస్‌ను నోటితో హమ్ చేయగలిగే వరకు పాట వినాలి. తర్వాత కాలితో తాళం వేస్తూ ట్యాబ్ చదవాలి. ఆ తర్వాతే తీగ ముట్టాలి. రెండు గళ్ళు మాత్రమే, సగం వేగంతో, తప్పు లేకుండా వచ్చేదాకా వాయించాలి. చివరగా పాటతో కలపాలి. ట్యాబ్ ఒకటి, చెవి ఒకటి చెబితే పాటను మళ్ళీ వినాలి. ట్యాబ్‌ను రాసేదీ మనిషే. తప్పులుంటాయి.

లిపి విలువ

పణ్ణైపురం అనే పల్లె నుంచి 1968లో మద్రాసు చేరిన ఇళయరాజా, ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీత లిపి నేర్చుకున్నారు. తర్వాత ప్రతి వాయిద్యం భాగాన్నీ కాగితం మీద తానే రాసి ఇచ్చే స్థాయికి ఎదిగారు. ట్యాబ్ అంత పెద్ద లిపి కాదు, కానీ తొలి మెట్టు.

ఇక్కడ మరొక మాట. మన పెద్దల పాటలు చాలావరకు చెవి నుంచి చెవికే వచ్చాయి. గుస్సాడి ఆటకు 2021లో పద్మశ్రీ అందుకున్న మర్లవాయి కనకరాజు 2024లో కన్నుమూశారు. అలాంటి పెద్దలు వెళ్ళిపోయినప్పుడు వారికి మాత్రమే తెలిసినది కూడా వెళ్ళిపోతుంది. మెట్లున్న ఏ వాయిద్యానికైనా ట్యాబ్ రాయవచ్చు. తీగకు ఒక గీత, మెట్టుకు ఒక అంకె. రాక్ పాట కోసం ఈ లిపి నేర్చుకున్న విద్యార్థి సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు కిన్నెర తాత పక్కన నోటుబుక్కుతో కూర్చోవచ్చు. అంకెలు తాళాన్ని చెప్పవు కనుక సెల్‌ఫోన్‌లో రికార్డు కూడా చేసుకోవాలి. పెన్సిల్, రూళ్ళకర్ర, ఓపిక ఉంటే ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.