ఒక బకెట్టు బియ్యము

నల్లపాడు గుంటూరు పట్టణమును ఆనుకొని యున్న ఊరు. రైలుమార్గములు కలియు కూడలి. ఆ చుట్టుపట్ల నల్లరేగడి నేలలలో ప్రత్తియు మిరపయు విరివిగా పండును. మాఘ ఫాల్గుణ మాసములలో కల్లములన్నియు ఎఱ్ఱని తివాచీలు పఱచినట్లు కనబడును. ఆ దినములలో కూలివారికి చేతినిండ పని దొరకును. స్త్రీలు తెల్లవాఱకముందే సద్దిమూటలు కట్టుకొని కాయకోతకు పోవుదురు. కోతలు ముగిసిన పిమ్మట కాయల తొడిమలు తీయు పనికి పోవుదురు. ఆ పనియు తఱిగిన నాడు కూలి యింట బియ్యపుడబ్బా అడుగు కనబడును.

అట్టి యొక యింటి ముంగిట ఒకనాటి ఉదయమున ఎవరో బకెట్టెడు బియ్యము పెట్టిరనుకొనుడు. ఆ బియ్యము ఆ యింటికి మేలు చేయునా? చేయును. ఎంత మేలు? ఎన్నినాళ్ళు? ఇచ్చినవారు ఆ యిల్లాలి ప్రక్కన నిలిచి ఛాయాచిత్రము తీయించుకొని, దానిని వేలమందికి చూపినయెడల ఆ మేలులో కొంత తఱిగిపోవునా? ఇవి వట్టి ఊహలు కావు. 2014వ సంవత్సరమున హైదరాబాదులో పుట్టిన యొక దానోద్యమము ఈ ప్రశ్నలన్నింటిని తెలుగువారి ముందుంచినది.

ఆ ఉద్యమమునకు ప్రేరణ అమెరికానుండి వచ్చెను. 2014వ సంవత్సరపు వేసవిలో ఆ దేశమున ఒక వింత సవాలు వ్యాపించెను. మంచుముక్కలు కలిపిన బకెట్టెడు నీటిని నెత్తిపై కుమ్మరించుకొనవలెను, లేదా ఎ.ఎల్.ఎస్. అను వ్యాధి నివారణకై ధనమీయవలెను. నీరు పోసికొను దృశ్యమును చిత్రించి, ఫేస్‌బుక్కు మొదలగువానిలో ఉంచి, మఱికొందఱిని పేరుపేరున పిలిచి, మీరును 24 గంటలలో ఇట్లే చేయుడని సవాలు చేయవలెను. ఆ వ్యాధి మిక్కిలి క్రూరమైనది. కండరములను కదలించు నరములు క్రమముగా నశించును. రోగికి నడక పోవును, మాట పోవును, తుదకు ఊపిరియు ఆగును. ఆ వ్యాధికి లోనైన పీట్ ఫ్రేట్స్, ప్యాట్ క్విన్ అను ఇరువురు యువకులు ఈ సవాలును దేశమంతట వ్యాపింపజేసిరి. ఎనిమిది వారములలో అమెరికాలోని ఎ.ఎల్.ఎస్. సంఘమునకు 11.5 కోట్ల డాలర్లు చేరెను.

ఈ సందడి సముద్రములు దాటి మన దేశమునకును వచ్చెను. హైదరాబాదులో పత్రికారచయిత్రియగు మంజులత కళానిధి దీనిని చూచి వేఱొక విధముగా ఆలోచించెను. నీటికై జనులు బిందెలతో బారులు తీరు దేశమున నీటిని నేలపాలు చేయుట తగునా? ఇచ్చట లేనివారికి కావలసినది అన్నము కాదా? ఆమె 2014 ఆగస్టు మాసమున తన పొరుగున ఫలాహారములమ్మి జీవించు ఒక పేద కుటుంబీకునకు బకెట్టెడు బియ్యమిచ్చి, మీరును ఇట్లే చేయుడని ఫేస్‌బుక్కులో పిలుపునిచ్చెను. బియ్యమీయజాలనివారు 100 రూపాయల మందులు కొని సమీపమునందలి ప్రభుత్వ వైద్యశాలకు ఈయవచ్చునని సూచించెను. కొలది దినములలోనే వేలమంది ఈ పిలుపును మెచ్చుకొనిరి. విద్యార్థులు, ఉద్యోగులు, విదేశములందలి తెలుగువారు సైతము దీనిలో పాల్గొనిరి.

ఈ పద్ధతిలో ఒక సుగుణము స్పష్టముగా కలదు. ధనము ప్రోగుచేయువారు లేరు. నడుమ తినివేయువారును లేరు. ఇచ్చువాని చేతినుండి పుచ్చుకొనువాని చేతికి బియ్యము నేరుగా చేరును. అంతేకాదు, ఇచ్చువాడు తన వీథిలో ఆకలితోనున్నది ఎవరో వెదకి తెలిసికొనవలసి వచ్చును. ఎన్నియో యేండ్లుగా ప్రక్కయింటి పొయ్యి సంగతి ఎఱుగనివాడు ఆనాడైనను ఎఱుగును.

అయినను లెక్క వేసి చూడవలెను. బకెట్టులో 10 కిలోల బియ్యము పట్టుననుకొనుడు. నలుగురున్న యింట దినమునకు కిలోన్నర ఖర్చగును. వారము దినములు గడచునప్పటికి బకెట్టు ఖాళీ యగును. ఇక 2013వ సంవత్సరపు జాతీయ ఆహార భద్రతా చట్టమును చూడుడు. దానిననుసరించి అర్హతగల కుటుంబములలో మనిషి ఒక్కింటికి నెలకు 5 కిలోల ధాన్యము చెందవలెను. నలుగురున్న యింటికి నెలకు 20 కిలోలు. అనగా ప్రతి నెలయు రెండు బకెట్లు. అది దయచేత వచ్చునది కాదు, హక్కుచేత వచ్చునది. దానిని పుచ్చుకొను ఇల్లాలు ఎవరి ప్రక్కనను నిలిచి చిత్రము తీయించుకొన నక్కఱలేదు.

చిత్రమే ఇందు చిక్కైన విషయము. చిత్రము లేనిదే సవాలు వ్యాపింపదు. ఒకనిని చూచియే మఱియొకడు కదలును. కాని ఆ చిత్రమున ఇచ్చువాని మొగము చిఱునవ్వుతో నుండగా పుచ్చుకొనువాని మొగము ఎట్లుండునో తలచి చూడవలెను. ఆ యింటి బాలుడు మఱునాడు బడికి పోవును. తన తల్లి చేయిచాచిన దృశ్యమును తోడి బాలురు సెల్‌ఫోనులో చూచియుందురు. ఆ బాలునికి ఆ వారము కడుపు నిండవచ్చును. తల మాత్రము వంగిపోవును. బియ్యపు బకెట్టును చిత్రించుటలో తప్పులేదు. అన్నమునకై వచ్చినవాని అభిమానమును బజారున పెట్టుట తప్పు.

ఇక మంచునీటి సవాలువలన వచ్చిన ధనమేమైనది? వ్యాధి పేరైన సరిగా తెలియక వినోదమునకై తడిసినవారు పెక్కురున్నారని ఆనాడు కొందఱు పరిహసించిరి. ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని ఆ ధనము ఒక సంఘము చేతిలో పడెను. ఆ సంఘము లెక్కలు ప్రకటించి, దానిలో ఇంచుమించు మూడింట రెండువంతులు పరిశోధనకు కేటాయించెను. ఆ సాయము పొందిన యొక పరిశోధనలో అనేక దేశముల శాస్త్రజ్ఞులు పాల్గొని, వ్యాధితో సంబంధముగల ‘నెక్1’ అను జన్యువును 2016వ సంవత్సరమున గుర్తించిరి. అదే ధనముయొక్క సాయముతో రూపొందిన యొక మందునకు 2022లో అమెరికా ప్రభుత్వపు అనుమతి లభించెను. పిమ్మట జరిగిన పెద్ద పరీక్షలో అది గుణమీయకపోవుటచే 2024లో దానిని ఉపసంహరించిరి. ఫ్రేట్స్ 2019లోను, క్విన్ 2020లోను మరణించిరి. వ్యాధి ఇంకను లొంగలేదు. అయినను వైద్యులకు దానినిగూర్చిన జ్ఞానము పెరిగినది. ఆ జ్ఞానము వ్యర్థము కాదు.

ఆ ఉత్సాహము మాత్రము నిలువలేదు. 2015లో అదే సవాలును మరల నడిపిరి గాని, మొదటి యేడు వచ్చిన ధనములో స్వల్పభాగము మాత్రమే వచ్చెను. జనుల మనస్సు మఱొక వింతవైపు మరలిపోయెను.

ఇట్టి ఉత్సాహపు వెల్లువలు తెలుగునాట క్రొత్తవి కావు. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచివేసి, గుంటూరు జిల్లా తీరమునకును తీవ్రనష్టము కలిగించెను. పదివేలకు పైగా జనులు మరణించిరి. అప్పుడు చలనచిత్ర నటులు నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావు మున్నగువారు జోలెపట్టి వీథుల వెంట తిరిగిరి. అభిమాన నటులను చూచుటకు వచ్చినవారును తోచినది ఇచ్చిరి. వినోదమునకు వచ్చిరని ఆ దానమును ఎవరును తక్కువ చేయలేదు. కాని తీరవాసులను కాపాడినది ఆ వెల్లువ ఒక్కటియే కాదు. పిమ్మట తీరమువెంట తుపాను రక్షణగృహములు వెలసెను. ముందుగా హెచ్చరించు ఏర్పాట్లు మెఱుగుపడెను. 1990 మే మాసమున మఱియొక ప్రచండమైన తుపాను కృష్ణా ముఖద్వారము చెంతనే తీరమును తాకెను. లక్షలాది జనులను ముందుగానే సురక్షితస్థలములకు చేర్చుటచే, ఈసారి మరణించినవారు వేయిమందికి లోపుగనే యుండిరి.

నల్లపాటి రైతునకు ఈ విషయము వేఱుగా చెప్పనక్కఱలేదు. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలకముందు ఈ ప్రాంతపు మెట్టనేలలు పెక్కింటికి వానయే దిక్కు. పెద్దవాన ఒక్కదినమున కురిసి వెలిసిపోవును. చెరువు గట్టు దిట్టముగానున్న ఊరు ఆ నీటిని నిలిపి వేసవివఱకు త్రాగును. గట్టు తెగిన ఊరిలో అదే నీరు వాగుపాలగును. వాన రెండూళ్ళలోను ఒక్కటే. జనుల ఉత్సాహమును అట్టి వానయే. కావున ఒక దానోద్యమము మేలు చేసినదో లేదో తెలిసికొనుటకు ఎందఱు పాల్గొనిరో లెక్కించిన చాలదు. ఇచ్చినది ఎవరి చేతిలో పడినది? దానికి లెక్క కలదా? పుచ్చుకొన్నవాని అభిమానము నిలిచినదా? సందడి అణగిన పిమ్మట ఏమి మిగిలినది? ఈ నాలుగింటిని అడుగవలెను.

దినదినము పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడు ఒక పిడికెడు బియ్యము వేఱుగా తీసి దానమునకై దాచు ఆచారము తెలుగుదేశపు ఇండ్లలో పూర్వమునుండి కలదు. పిడికెడు 50 గ్రాములనుకొనుడు. ఒక తరగతిలోని 40 మంది విద్యార్థుల ఇండ్లలో ఇట్లు తీసినచో దినమునకు 2 కిలోలు, నెలకు 60 కిలోలు ప్రోగగును. అవి ఆరు బకెట్లు. అందుకు సవాలు అక్కఱలేదు, చిత్రము అక్కఱలేదు. లెక్క వ్రాయు పుస్తకమొకటియు, చీకటిపడిన పిదప చప్పుడుకాకుండ బకెట్టును గడపలో పెట్టి వచ్చు ఇద్దఱు బాలురును ఉన్న చాలును. మరుసటి నెలయు వారు తప్పక వెళ్ళవలెను.

ప్రశ్నలు

1. మంచునీటి సవాలునకును బియ్యపు బకెట్టు పిలుపునకును గల భేదములెవ్వి?
2. దానము పుచ్చుకొనువాని చిత్రమును పదుగురికి చూపుటవలన కలుగు కీడెట్టిది?
3. 1977, 1990 సంవత్సరముల తుపానులను పోల్చి చూడగా తెలియు నీతి యేమి?
4. “వాన రెండూళ్ళలోను ఒక్కటే.” ఈ వాక్యమును సందర్భసహితముగ వివరింపుడు.