సరకు నిల్వలో ఇద్దరి లెక్క

సరకు ఎప్పుడు, ఎంత తెప్పించుకోవాలి అన్న ప్రశ్నకు 1913లో ఫోర్డ్ విట్మన్ హారిస్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక సూత్రం చూపించాడు. తరచుగా తెప్పిస్తే ఆర్డరు ఖర్చులు పెరుగుతాయి; ఒకేసారి ఎక్కువ తెప్పిస్తే గోదాము అద్దె, మదుపుపై వడ్డీ పెరుగుతాయి. ఆ రెండూ సమానమైన చోట మొత్తం ఖర్చు కనిష్ఠమవుతుంది. అయితే ఇది కొనేవాని లెక్క మాత్రమే. అమ్మేవానికీ ఒక లెక్క ఉన్నదన్న సంగతిని మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులు తరచు విస్మరిస్తున్నారని మా అభిప్రాయం.

ఒక ఉదాహరణ కల్పించుకొందాము. మన సంచిక వలెనే ఉర్దూ, తెలుగు రెండూ అచ్చువేసే ఒక ముద్రణాలయానికి ఏడాదికి 1200 రీముల కాగితం కావాలి. ఒక్కొక్క ఆర్డరుకు దానికయ్యే ఖర్చు 100 రూపాయలు. ఒక రీమును ఏడాదిపాటు నిల్వ ఉంచడానికి 24 రూపాయలు. హారిస్ సూత్రం ప్రకారం నెలకొకసారి 100 రీములు తెప్పించుకోవడం మేలు. ఆర్డర్లకు 1200, నిల్వకు 1200, వెరసి 2400 రూపాయలు. కాగితపు వర్తకుడు ఆర్డరు అందగానే మిల్లు నుండి సరకు తెప్పించి, కోయించి, లారీలో పంపుతాడు. అందుకు ప్రతిసారి 300 చొప్పున ఏడాదికి 3600. ఇద్దరిదీ కలిపి 6000 రూపాయలు.

ఇద్దరి ఖర్చును ఒకే సంసారపు ఖర్చుగా భావించి, ఆర్డరుకు 400 రూపాయల చొప్పున అదే సూత్రంతో లెక్కిస్తే, రెండు నెలలకొకసారి 200 రీములు పంపడం మంచిదని తేలుతుంది. అప్పుడు ముద్రణాలయానికి 3000, వర్తకునికి 1800, మొత్తం 4800. 1200 రూపాయలు మిగిలినవి. కాని ముద్రణాలయం 600 నష్టపోయింది! వర్తకుడు 1800 లాభపడ్డాడు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. రీముకు అర్ధరూపాయి ధర తగ్గిస్తే ముద్రణాలయపు నష్టం తీరుతుంది. రూపాయిన్నర వరకు తగ్గించినా వర్తకునికి నష్టం లేదు. ఈ రెండింటి నడుమ ఎక్కడ కుదిరినా అది సమన్వయమే. ధర తగ్గించకుండా "200 రీములైతేనే పంపుతాము" అని బలవంతుడైన వర్తకుడు శాసిస్తే మాత్రం దానిని సమన్వయమనరాదు. అది భారాన్ని చిన్నవాని నెత్తిన వేయడమే. పెద్ద కర్మాగారాలు విడిభాగాలను ఏ రోజుకారోజు తెమ్మని చిన్న పరిశ్రమలను ఒత్తిడి చేసినప్పుడు జరిగేదీ ఇదే. అక్కడ నిల్వ మాయము కాదు, సరఫరాదారుని షెడ్డులోకి మారుతుంది.

ఈ ఉమ్మడి లెక్కను 1970ల దశకంలో ఎస్. కె. గోయల్, 1986లో అవిజిత్ బెనర్జీ విస్తరించారు.

వర్తకునికి ఖాతాదారులు పలువురున్నప్పుడు వేళలు కలపడం మరింత కష్టం. ఒకరు మూడు వారాలకు, మరొకరు నాలుగు వారాలకు తెప్పించుకొంటే, ఇద్దరి సరకూ ఒకే లారీలో వెళ్ళేది పన్నెండు వారాలకొకసారి. 1985లో రాబిన్ రౌండీ దీనికొక సులభోపాయం చూపాడు. గడువులన్నీ 1, 2, 4, 8 వారాలుగా ఉంచుకొంటే పెద్ద గడువు వచ్చిన ప్రతిసారీ చిన్న గడువూ దానితో కలిసి వస్తుంది. ఇందువల్ల అదనపు ఖర్చు సుమారు 6 శాతాన్ని మించదని ఆయన నిరూపించాడు. మన ముద్రణాలయానికి ఉత్తమమైన గడువు ఎనిమిదిన్నర వారాల పైచిలుకు. దానిని 8 వారాలుగా సవరిస్తే మొత్తం ఖర్చు సుమారు 4815 అవుతుంది; పెరిగినది 15 రూపాయలే.

వాడకం ఏడాది పొడవునా ఒకే తీరున ఉంటుందన్నది ఈ లెక్కలన్నింటికీ ఆధారం. జూన్‌లో బడులు తెరవకముందు నోటుపుస్తకాల పని ముమ్మరమయ్యే ముద్రణాలయం ఆ నెలలకు వేరే లెక్క వేసుకొని, వర్తకునికి ముందుగా కబురు పంపవలసి ఉంటుంది.