ముందు మెడ, ఆ తర్వాతే ఎత్తు

చిరంజీవి బుజ్జికి,

నీ మెసేజ్ చదివాను. పదివేల చిల్లర పోసి కొన్న గిటార్ ఆరో తీగ మీద జరజరలాడుతోందనీ, ఎఫ్ కార్డు పట్టేసరికి చూపుడువేలు కోసుకుపోతోందనీ, శ్రుతి చేసి పావుగంట కాకుండానే తప్పుతోందనీ రాశావు. చివర్లో, "సరుకు మంచిది కాదా, నాకే చేతకావడం లేదా?" అని అడిగావు. రెండూ కావు. నీ గిటార్ పని ఇంకా పూర్తి కాలేదు, అంతే.

ఈ ధరలో వచ్చే గిటార్లకు చెక్క కోయడం, బెజ్జాలు పెట్టడం కంప్యూటర్ మిషన్లు చేస్తాయి. ఆ పనిలో ఖరీదైన గిటార్‌కీ దీనికీ అంత తేడా ఉండదు. తేడా అంతా ఆఖరున మనిషి కూర్చుని చెయ్యాల్సిన పనిలో ఉంటుంది: మెడ వంపు చూడడం, తీగల ఎత్తు సరిచెయ్యడం, మెడ మీది మెట్ల, అంటే ఫ్రెట్ల అంచులు నున్నగా రాయడం. ధర తగ్గించాలంటే ముందు కోత పడేది అక్కడే. ఆపైన కంటెయినర్‌లో సముద్రం దాటి, గోడౌన్‌లో ఉక్కకి ఉడికి నీ చేతికొచ్చేసరికి చెక్క ఎంతోకొంత కదిలే ఉంటుంది.

నీది స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్ నమూనా. 1954లో దాన్ని బయటికి తెచ్చిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి, గిటార్ వాయించడం రాదు. అందుకేనేమో, ప్రతి భాగాన్నీ స్క్రూడ్రైవర్‌తో విప్పి బిగించుకునేలా చేశాడు. మెడని కూడా జిగురుతో అంటించకుండా మరలతో బిగించాడు. కాబట్టి మరలు తిప్పడానికి భయపడకు. వరస తప్పడానికి మాత్రం భయపడు. ముందు తీగలు, తర్వాత మెడ, ఆ తర్వాత ఎత్తు, ఆఖరున స్వరస్థానం. మెడ కదిలితే ఎత్తు మారుతుంది, ఎత్తు మారితే స్వరం మారుతుంది. కుర్రాళ్లు చాలామంది జరజర వినగానే బ్రిడ్జ్ దగ్గర తీగలు పైకి లేపేస్తారు. శబ్దం పోతుంది, వేళ్లు పుండవుతాయి, నెల తిరక్కుండా గిటార్ అటకెక్కుతుంది.

షాపులో వేలాడిన తీగలు తీసెయ్. తొమ్మిదో నంబరు సెట్ కొను, అంటే 9 నుంచి 42 వరకు ఉండేది. అన్నీ ఒకేసారి విప్పకు, ఒకటి తీసి ఒకటి వెయ్యి. కొత్త తీగ శ్రుతి చేశాక వేలితో మెల్లగా పైకి లాగి, మళ్లీ శ్రుతి చెయ్యి. దిగడం ఆగేదాకా అలా లాగుతూనే ఉండాలి. మెడ పైకొసన తీగలు ఆనే నట్ గాడుల్లో మెత్తటి పెన్సిల్ ముక్కు రుద్దు. శ్రుతి చేసేటప్పుడు "టింగ్" మని ఒక్కసారిగా ఎగిరితే తీగ ఆ గాడిలో ఇరుక్కుంటోందని తెలుసుకో, పెన్సిల్ పొడి దాన్ని జారనిస్తుంది. నీ శ్రుతి బాధలో సగం ఇక్కడే తీరుతుంది.

మిగతా సగం వెనకవైపు ఉంది. వెనక ప్లాస్టిక్ మూత తీస్తే స్ప్రింగులు కనిపిస్తాయి. ముందునుంచి తీగలు బ్రిడ్జ్‌ని లాగుతాయి, వెనకనుంచి స్ప్రింగులు లాగుతాయి. రెండూ సమానంగా ఉన్నంతసేపే శ్రుతి నిలుస్తుంది, ఒక తీగ బిగిస్తే మిగతా అయిదూ దిగుతాయి. నువ్విప్పుడే ఆ గొడవ పడక్కర్లేదు. స్ప్రింగులు పట్టుకున్న ఇనుప ముక్కకి రెండు పొడుగాటి మరలుంటాయి. బ్రిడ్జ్ పలక గిటార్ ఒంటికి ఆనుకునేదాకా వాటిని సమానంగా బిగించి, బ్రిడ్జ్‌ని ఊపే కడ్డీ తీసి డ్రాయర్లో పెట్టు. ఆ కడ్డీ ఊపి గిటారిస్టు హెండ్రిక్స్‌ లాగా వాయించే రోజు వస్తే మళ్లీ వదులు చేద్దాం.

ఇక మెడ. అసలు సంగతంతా ఇదే. శ్రుతిలో ఉన్న తొమ్మిదో నంబరు తీగలారూ కలిసి సుమారు 38 కిలోల బరువుతో మెడని లాగుతుంటాయి. అల్లెతాడు కట్టిన విల్లులా మెడ ముందుకి వంగకుండా లోపల ఒక ఇనుప కడ్డీ పెడతారు, దాన్ని ట్రస్ రాడ్ అంటారు. మెడ పూర్తిగా తిన్నగా ఉండకూడదు, కొట్టిన తీగ ఊగడానికి కాస్త లోతు కావాలి. ఆ కాస్త ఎంతన్నదే కొలవాలి. తీగలన్నీ శ్రుతిలో ఉంచి, మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్) బిగించి, ఆరో తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కు. ఇప్పుడు తీగే నీకు స్కేలు. ఎనిమిదో ఫ్రెట్ నెత్తికీ తీగకీ మధ్య సందు పావు మిల్లీమీటరు ఉండాలి. ఫెండర్ వాళ్లు ఈ తరహా మెడకి చెప్పే కొలత కూడా అదే. కొలవడానికి బైకుల స్పేర్‌పార్టుల షాపులో ఫీలర్ గేజ్ అడుగు, మెకానిక్కులు ట్యాపెట్ సెట్టింగ్‌కి వాడే రేకుల కట్ట. గిటార్ షాపులో అదే వస్తువుకి ఎక్కువ తీసుకుంటారు.

సందు ఎక్కువుంటే అలెన్ కీతో కడ్డీని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పు, మెడ తిన్ననవుతుంది. సందే లేకపోతే దానికి ఎదురువైపు తిప్పి వదులు చెయ్యి. ఒకసారికి పావు చుట్టు దాటకు. మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ కొలిచి, మర్నాడు ఇంకోసారి చూడు, చెక్క నెమ్మదిగా సర్దుకుంటుంది. కీ సరిగ్గా కూర్చోకపోయినా, బలం పెడితే తప్ప తిరగనన్నా అక్కడితో ఆపెయ్. ఆ మర నలిగిందంటే మెడే మార్చాల్సి రావచ్చు.

విశాఖ గాలిలో తేమ నీకు చెప్పక్కర్లేదు. వేసవి సెలవులకి హైదరాబాద్ తీసుకెళ్తే అక్కడి పొడి గాలికి అదే మెడ ఇంకోలా ఉంటుంది, ఫ్రెట్ల కొసలు చేతికి గీసుకుంటాయి. ఋతువు మారినప్పుడల్లా ఆ సందు ఒకసారి చూసుకో. నీ ఫ్రెట్ బోర్డు ముదురు గోధుమరంగు కదా, బహుశా ఇండియన్ లారెల్ అయ్యుంటుంది. 2017లో రోజ్‌వుడ్ జాతి చెక్కల అంతర్జాతీయ వ్యాపారానికి పర్మిట్లు తప్పనిసరి అయ్యాక చాలా చౌక గిటార్లకు ఇదే వేస్తున్నారు. మన తూర్పు కనుమల్లో పెరిగే నల్లమద్దే అది. ఎండినట్టు కనిపిస్తే ఏడాదికోసారి లెమన్ ఆయిల్ రెండు చుక్కలు గుడ్డకి అద్ది తుడువు, చాలు.

మెడ కుదిరాకే ఎత్తు. వాయించేవాళ్లు దీన్ని యాక్షన్ అంటారు. పదిహేడో ఫ్రెట్ దగ్గర తీగ అడుగుకీ ఫ్రెట్‌కీ మధ్య స్టీలు స్కేలుతో 1.6 మిల్లీమీటర్లు ఫెండర్ కొలత. నీలాంటి గిటార్లో ఫ్రెట్లు అంత సమంగా ఉండవు గనక లావు తీగల వైపు 2 దాకా ఉంచినా తప్పులేదు. బ్రిడ్జ్ మీద తీగ ఆనే ప్రతి శాడిల్‌కీ రెండు చిన్న మరలుంటాయి, రెండూ సమానంగా తిప్పు. గమకం కోసం తీగని పక్కకి లాగుతావుగా, ఎత్తు మరీ దించితే ఆ లాగుడులో స్వరం చచ్చిపోతుంది. వీణ వాయించిన చెయ్యి నీది, కాస్త ఎత్తే నీకు మేలు.

జరజర ఇంకా ఉంటే ఎక్కడుందో చూడు. మొదటి అయిదు ఫ్రెట్లలో వస్తే మెడ మరీ తిన్నగా ఉంది. పై ఫ్రెట్లలో వస్తే ఎత్తు చాలలేదు. ఒకే ఒక్క చోట వస్తే అక్కడ ఫ్రెట్ లేచి ఉంది. ఏటీఎం కార్డు అంచు మూడు ఫ్రెట్ల మీద నిలబెట్టి చూస్తే మధ్యది ఎత్తుగా ఉన్నచోట కార్డు ఊగుతుంది. ఆంప్లిఫయర్లో వినపడని జరజరని మాత్రం పట్టించుకోకు. ఎలక్ట్రిక్ గిటార్‌ని చెవి ఆనించి వినేవాళ్లెవరూ లేరు.

స్వరస్థానం సంగతి నీకు తేలిగ్గా అర్థమవుతుంది. అమ్మమ్మ బొబ్బిలి వీణకి మేళం కట్టేవాళ్లు మైనంలో ఒక్కొక్క మెట్టునీ జరిపి స్వరం చూసుకుంటారు. ఇక్కడ మెట్లు కదలవు, తీగ పొడుగే మారుస్తాం. పన్నెండో ఫ్రెట్ మీద తీగని ఊరికే తాకి మీటితే వచ్చే స్వరం, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరం ట్యూనర్లో ఒకటే కావాలి. నొక్కింది ఎక్కువ పలికితే శాడిల్‌ని వెనక్కి లాగు, తక్కువైతే ముందుకి తీసుకురా. పాత తీగల మీద ఈ పని చెయ్యకు, ఎన్నటికీ కుదరదు. పికప్‌లు (తీగల కిందుండే అయస్కాంతాలు) తీగలకి మరీ దగ్గరగా ఉన్నా అయస్కాంతం లాగి స్వరం వణుకుతుంది. చివరి ఫ్రెట్ నొక్కి చూసి సుమారు 2 మిల్లీమీటర్ల దూరం ఉంచు.

ఎఫ్ కార్డు దగ్గర వేలు కోసుకుపోవడానికి అసలు దోషి నట్. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి మొదటి ఫ్రెట్ మీద చూడు. వెంట్రుకవాసి సందు ఉండాలి. కాగితాల మడత దూరేంత ఉంటే గాడులు లోతు చెయ్యాలి. దానికి ప్రత్యేకమైన ఆకురాళ్లు కావాలి, ఒక్క రాపిడి ఎక్కువైతే నట్ పారెయ్యాల్సిందే. అది, లేచిన ఫ్రెట్ దించడం, ఈ రెండూ నువ్వు ముట్టుకోకు. ఊళ్లో గిటార్లు బాగుచేసేవాడికిచ్చి, నీ కళ్లెదుటే చెయ్యమను.

ఇంకొక్కటి, ఇది సరదా మాట కాదు. ఆంప్లిఫయర్లో సన్నటి హోరు వినిపించి, తీగల మీద చెయ్యి వెయ్యగానే తగ్గితే అది మామూలే. చెయ్యి వేస్తే జిల్లుమంటే మాత్రం వెంటనే స్విచ్ ఆపెయ్. 1972లో బ్రిటన్‌లోని స్వాన్‌సీలో లెస్లీ హార్వే అనే గిటారిస్టు ఎర్త్ లేని మైకు పట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. మూడు పిన్నుల ప్లగ్గు ఉంటే సరిపోదు, గోడలో మూడో తీగ నిజంగా భూమిదాకా వెళ్లాలి. హాస్టల్ గదిలో ఆ సాకెట్‌ని ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాకే ఆంప్లిఫయర్ పెట్టు. ఈ వారంలోనే చేయించి, నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మావయ్య