పక్షవాతం తర్వాత చేతికి మళ్లీ పని నేర్పడం

పక్షవాతం తగ్గుముఖం పట్టాక చాలామంది పడిపోయిన చేతిని ఒళ్లో పెట్టుకుని, మంచి చేత్తోనే అన్నీ కానిచ్చేస్తారు. ఇంట్లోవాళ్లు కూడా ప్రేమకొద్దీ అన్నం కలిపి తినిపిస్తారు. కొంత సత్తువ మిగిలి ఉన్నా సరే, వాడని చెయ్యి పని మరచిపోతుంది.

1920లలో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ అనే శాస్త్రవేత్త, సుత్తితో ఉలిని కొట్టే పనివారి కీళ్లకు చిన్న బల్బులు కట్టి ఫొటోలు తీశాడు. చెయ్యి తిరిగినవారి సుత్తి గురి తప్పలేదు. కానీ భుజం, మోచెయ్యి, మణికట్టు ఏ రెండు దెబ్బలకూ ఒకేలా కదలలేదు! అంటే మెదడు నేర్చుకునేది ఒకే కదలికను కాదు, పని సాధించే ఉపాయాన్ని.

కనుక చేతిని ఊరికే పైకీ కిందికీ ఆడిస్తే చాలదు (కీళ్లు బిగుసుకుపోకుండా అదీ అవసరమే). గ్లాసు అందుకోండి, చిక్కుడుకాయలు ఒలవండి, చొక్కా బొత్తాలు పెట్టుకోండి. గ్లాసును ఒకరోజు దగ్గరగా, మరోరోజు దూరంగా, ఒకసారి ఖాళీగా, ఇంకోసారి సగం నీళ్లతో పెట్టుకోండి. తప్పినా ఫరవాలేదు, మెదడు సరిదిద్దుకునేది అప్పుడే.

వేళ్లు, మణికట్టు కొంతైనా కదిలేవారికి మంచి చేతికి తొడుగు వేసి, రెండో చేత్తో సాధన చేయించే పద్ధతి ఉంది. 2006లో వెలువడిన అమెరికా పరిశోధనలో 222 మందితో దీన్ని పరీక్షించి, మేలు చేస్తుందని తేల్చారు. ఫిజియోథెరపిస్టును అడిగే మొదలుపెట్టండి. భుజం నొప్పి పుడితే ఆపి, చూపించుకోండి.